రంగం వాచీ

6 ఆగస్టు 1969, బుధవారం

ఇవాళ పోలీసులు మా ఇల్లు సోదా చేశారు. డ్రాయింగు మేస్టారి ఇంట్లో సోదా! ఆరో తరగతికి బూరగుమ్మడికాయ బొమ్మ నేర్పించి ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా మా గుమ్మం ముందే ఉంది.

ఎవరో పుణ్యాత్ముడు చెప్పాడట. నరసింగరావు మేస్టారి దగ్గర పెట్టెనిండా గడియారాలున్నాయి, వాటిని విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు, ఎవరికీ అమ్మడు అని. కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలైన దగ్గర్నుంచీ విప్పిన గడియారం అంటే పోలీసులకి తట్టేది ఒకటే, బాంబు. పొందూరు పంచె చింపి ఒక్కోదానికి ఒక్కో ముక్క చుట్టి పడుకోబెట్టుకున్నవాటిని గోనెసంచిలోకి ఒంపేశారు. చింతపండు సంచి అది. మా ఆవిడ తాయారు నిన్ననే దులిపి ఎండలో వేసింది.

ఇనస్పెక్టరు కృష్ణా జిల్లా మనిషి. వచ్చి రెండు నెలలైంది. కసురుకోలేదు, కర్ర ఎత్తలేదు. "ఒక మనిషికి ఇన్ని వాచీలెందుకండీ?" అన్నాడంతే.

ఈ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్ళుగా కాచుకుని కూర్చున్నాను. తీరా అడిగినవాడు పోలీసయ్యాడు.

వాళ్ళు వెళ్ళాక తాయారు అంది, "ఆ సంచీ మట్టుకు తిరిగిచ్చీమనండి. మంచి సంచీ."

7 ఆగస్టు

పొద్దున్నే లేచి అలవాటుగా పెట్టె ముందు కూర్చున్నాను. కీ ఇవ్వడానికి ఏమీ లేదు. కాసేపు అలాగే కూర్చుని లేచాను.

9 ఆగస్టు, శనివారం

ఠాణాకి వెళ్ళాను. ఇనస్పెక్టరు లేడు. హెడ్డు గంగులు ఉన్నాడు. మా బడిలో చదువుకున్నవాడే, డ్రాయింగులో సున్నా.

సంచి గది మూలన నేలమీద ఉంది. పైన పెంకు జారి వాన కారుతోంది.

"ఒరే గంగులూ, ఆ సంచి బల్లమీద పెట్టరా నాయనా. తడి తగిలితే లోపల తుప్పు పట్టిపోతాయిరా."

"మాకేటి తెలుస్తాది మేస్టారూ, పేలిపోతాదేమోనని ముట్టుకోడానికే బయపడతన్నాం," అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు. బతిమాలాను. ఆఖరికి ఒక ముక్కాలిపీట తెచ్చి దానిమీద పెట్టాడు. చెయ్యి చాచి మరీ దూరంనుంచి పెట్టాడు, వెధవ.

12 ఆగస్టు, మంగళవారం

ఇనస్పెక్టరే కబురు పెట్టాడు. కుర్చీ వేయించాడు. సంచిలోంచి ఒక్కో వాచీ తీసి బల్లమీద పెడుతూ, "మీరు నిజంగా వాచీలు పోగుచేసే మనిషే అయితే వీటి సంగతులు చెప్పండి మేస్టారూ. నాకూ సరదాయే," అన్నాడు.

చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. డబ్బుంటే ఎవడైనా వాచీలు కొంటాడు, వాడు షావుకారు. బాగుచేసేవాడికి అది బతుకుతెరువు. నిజమైన వాచీల మనిషి వేరు. ప్రతి వాచీ ఎవరి జేబులో తిరిగింది, ఎవరి పెళ్ళి చూసింది, ఎవరి చావు చూసింది, ఎవరు ఏ కష్టంలో దాన్ని వదులుకున్నారు, అన్నీ తెలిసినవాడు వాడు. కథ తెలియని వాచీ పెట్టెలో పెట్టుకోవడం దొంగసొత్తు దాచుకోవడంతో సమానం. ఇలాగే అన్నాను, ఇంతకంటే బాగా అన్నాను. ఇనస్పెక్టరు కళ్ళార్పకుండా విన్నాడు. విజయనగరం దివాణంలో పనిచేసిన వంటాయన వాచీ కథ రెండోసారి చెప్పించుకున్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాయారు ఒక్క వాచీ కథ పూర్తిగా వినలేదు. పులుసు మాడిపోతోందంటుంది.

15 ఆగస్టు, శుక్రవారం

జెండా వందనం అయ్యాక ఇనస్పెక్టరు మా ఇంటికే వచ్చాడు! మఫ్టీలో, గంగులు కూడా లేకుండా. కాఫీ తాగి, మంచి పొడి అన్నాడు. మిగిలిన వాచీల సంగతీ వింటానన్నాడు. జేబులోంచి ఒకటి తీసి, "ఇది చాలా పాతదిలా ఉందే," అని నా చేతిలో పెట్టాడు.

రంగం వాచీ. వెండి డొక్కు, తెల్ల పింగాణీ ముఖం, నాలుగంకె దగ్గర వెంట్రుకంత బీట.

"రంగం అంటే?" అన్నాడు. రంగూన్‌ని మా వైపు రంగం అంటారని చెప్పాను. సముద్రమొడ్డు పేటలోని నూకయ్య వయసులో రంగం వెళ్ళి ఓడల్లో పనిచేసి, యుద్ధంలో నడిచి వచ్చేశాడు. ఒంటిమీద గుడ్డా, ఈ వాచీ, అంతే మిగిలాయి. తర్వాత జీవితమంతా చేపలు పట్టుకునే బతికాడు. వేటకి ఎప్పుడెళ్ళాలో వాచీ చూసి ఎవరూ వెళ్ళరు కదా, అయినా పొద్దున్నే కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు తెప్ప ఎక్కేవాడట. పోలాల అమావాస్యనాడు పోయాడు.

ఇది నేను కొన్నది కాదు. కొడుకు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఉంటే ఉప్పుగాలికి పాడైపోతుంది మేస్టారూ, మీ దగ్గరుంటే నడుస్తుంది అన్నాడు. కానీ ఏటా తండ్రికి పెట్టుకునే రోజున ఆకు పక్కన ఆయనకిష్టమైన చేపల పులుసు, చుట్ట, ఈ వాచీ ఉండాలి. వాచీ నడుస్తూ ఉండాలి. వాళ్ళింట అది నియమం. అందుకని ఏటా పోలాల అమావాస్య పొద్దున్న నేనే కీ ఇచ్చి, సైకిలు మీద పేటకి పట్టుకెళ్తాను. కొడుకు ఎక్కడున్నా వస్తాడు. వాడు వడ్డించాక నాకూ అన్నం పెడతారు. వాచీల మనిషంటే తాళం వేసుకుని కూర్చునేవాడు కాదండీ, వాచీ ఎవరిదో మర్చిపోనివాడు అన్నాను.

"కొడుకు ఎక్కడున్నా వస్తాడా?"

"తప్పడండీ."

"పోయినేడు కూడా?"

"పోయినేడు కూడా," అన్నాను.

లోపల తాయారు గిన్నె పడేసింది. ఈమెకి ఎప్పుడూ ఇలాంటప్పుడే చెయ్యి జారుతుంది.

15 ఆగస్టు, మళ్ళీ

తాయారు విసురుగా అన్నం పెట్టింది. ఏమైందని అడిగితే కంచం తీసేస్తూ అంది.

"ఏటండీ, జగన్నాధం బాబు పేరు సెప్పీసేరు కాదా."

పేరు చెప్పలేదు. నూకయ్య కొడుకు అన్నాను, అంతే.

16 ఆగస్టు

నేను చెప్పింది వాచీ గురించి.

18 ఆగస్టు, సోమవారం

జగన్నాధం మా బడిలో చిన్న తరగతులు చెప్పేవాడు. రెండేళ్ళ కిందట ఉద్యోగం వదిలేసి కొండల్లోకి, సవరల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఎవరూ వాడి ఊసెత్తరు. బడిలో వాడు కూర్చున్న కుర్చీ ఖాళీగానే ఉంది, దానిలోనూ ఎవరూ కూర్చోరు. ఇవన్నీ తెలిసే ఉన్నాయి నాకు. ఆ రోజు ఇనస్పెక్టరు నా ముందు కూర్చుని వింటుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. వాచీ గుర్తుంది, మనిషి గుర్తు లేడు.

పంచాంగం చూశాను. పోలాల అమావాస్య సెప్టెంబరు పదకొండు, గురువారం. చూడకపోయినా తెలుసు.

24 ఆగస్టు, ఆదివారం

పేటకి వెళ్ళాను. నూకయ్య పెళ్ళాం కూర్మమ్మ ఇంటిముందు కవ్వళ్ళ చేపలు ఎండబెట్టి కాకుల్ని తోలుతోంది. నన్ను చూడగానే చేతులు చీరకి తుడుచుకుని పీట వేసింది.

"నిన్ననే అనుకుంతన్నాను మేస్టారు బాబూ మీ గురించి. మా ఆయన వాచీ పోలీసోల్లట్టుకుపోనారంట గదా?"

అవునన్నాను.

"ఇనస్పెట్టరు మీ ఇంట్ల కాపీ తాగినాడంట గదా. మీరు అడిగితే ఇచ్చీడా బాబూ? ఆ దినానికి అది లేకపోతే ఆయన ఆకు ముట్టడు. ఎలాగైనా అడిగి తెచ్చీయండి, మీ పిల్లలు సల్లగుంటారు."

మాకు పిల్లలు లేరు. ఆమెకి తెలుసు, అలవాటుగా అంది.

జగన్నాధం దగ్గర్నుంచి కబురేమైనా వస్తుందా అని అడిగాను. రాదంది. ఆమె పంపే దారీ లేదంది. "ఆ దినానికి వస్తాడు, సూస్తాను, ఎల్తాడు. ఏడాదికి నాకు ఉన్నది ఆ ఒక్క పూటే." చెప్పాలనే వెళ్ళాను. ఆ మాట విన్నాక చెప్పకుండానే లేచాను. ఎండు కవ్వళ్ళు కట్టి ఇచ్చింది. తెచ్చుకున్నాను.

28 ఆగస్టు

బస్టాండు దగ్గర టీ దుకాణంలో ఎప్పుడూ నలుగురు కుర్రాళ్ళుంటారు. జగన్నాధానికి స్నేహితులు. వాళ్ళకి దారి తెలిసే ఉంటుంది. ఇవాళ వెళ్ళి వాళ్ళ బల్ల దగ్గరే కూర్చున్నాను. మాట్లాడుతున్నవాళ్ళు ఆపేసి వానల గురించి మొదలుపెట్టారు. అప్పలసూరిని, నా దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాడిని, పక్కకి పిలిచి, "జగన్నాధాన్ని ఈసారి రావద్దని చెప్పించగలవా?" అన్నాను.

"ఏ జగన్నాధమండీ?" అన్నాడు. నా కళ్ళలోకి చూసే అన్నాడు. "నాకెవలూ తెలీదు. మీరు, మీ ఇనస్పెట్టరు నన్ను ఒగ్గీండి మేస్టారూ."

నేను వాణ్ణయినా అలాగే అందును.

31 ఆగస్టు

జ్వరం తెచ్చుకుంటే బాగుండును. ఆ రోజు పేటకి వెళ్ళక్కర్లేదు.

తాయారుతో అన్నాను. "మీరెల్లకపోతే పోలీసోల్లే ఎల్తారు," అంది. తర్వాత జాలేసిందో ఏమో, ఒంటిమీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

2 సెప్టెంబరు, మంగళవారం

ఠాణాకి వెళ్ళి అబద్ధం ఆడాను. దారిపొడుగునా వల్లించుకుంటూ వెళ్ళాను. "అయ్యా, ఆ రోజు పొరపాటు చెప్పానండీ. నూకయ్య పోయింది పోలాల అమావాస్యనాడు కాదు, దీపావళి అమావాస్యనాడు. వయసు మీదపడుతోంది, మరపు."

ఇనస్పెక్టరు నవ్వాడు. చెడ్డనవ్వు కూడా కాదు. "ఆ వంటాయన వాచీకి అద్దం ఏ ఏడు మార్చారో, ఎవరు మార్చారో చెప్పిన మనిషి మీరు. మీకు తిథి మరుపొస్తుందా మేస్టారూ?"

అంతే. నేను ఎంత గొప్పవాడినో నేనే చెప్పుకున్నాను కదా.

గంగులు సంచి తెచ్చాడు. అన్నీ తిరిగిచ్చేశారు. లెక్క సరిచూసి సంతకం పెట్టించారు. రంగం వాచీ ఒక్కటి ఇనస్పెక్టరు సొరుగులో పెట్టుకున్నాడు.

"ఇది ఆ రోజు పొద్దున్న ఇస్తాను. ఎప్పటిలాగే మీరే పట్టుకెళ్ళి ఇవ్వండి. ముసలమ్మగారి నియమం మనవల్ల తప్పకూడదు కదా."

3 సెప్టెంబరు

రెండింటికి తుప్పు పట్టింది. ఒకదాని ముల్లు విరిగింది. మిగతావన్నీ బాగున్నాయి. తుడిచి, కొత్త గుడ్డలు చుట్టి, అన్నిటికీ కీ ఇచ్చాను. అన్నీ కలిసి చప్పుడు చేస్తుంటే సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాను.

8 సెప్టెంబరు, సోమవారం

కూర్మమ్మకి చెప్పేశాను. అంతా చెప్పాను. కాఫీ, నా గొప్పలు, పోయినేడు కూడా అన్నది, అన్నీ.

ఆమె చేప కోస్తోంది. ఆపలేదు. పొలుసు తీసి, కడిగి, తట్టలో వేసి, అప్పుడు నాకేసి చూసింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును అనుకున్నాను.

"మీరు సెడ్డోరు కారు బాబూ. ఊసులెక్కువ మీకు," అంది.

పెట్టుకోవడం ఈ ఏడాదికి మానేయమన్నాను. ఆకు వెయ్యకపోతే రాడేమో కదా అన్నాను.

"నాను ఆకు ఎయ్యలేదని ఆడికి ఎవలు సెప్తారు? ఎయ్యకపోయినా వస్తాడు. వచ్చి ఆకు లేకపోతే నన్నేటి అడుగుతాడు?"

ఒడ్డున నిలబడితే కొడుకు వచ్చే దారిలో ఎదురెళ్ళి ఆపొచ్చు కదా అన్నాను. ఏ దారిన వస్తాడో ఆమెకీ తెలియదట. ఒక ఏడు తాటితోపులోంచి వచ్చాడు, ఒక ఏడు తెప్పమీద వచ్చాడు. మేమిద్దరం సముద్రంకేసి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమె లేచి ఇంకో చేప తీసుకుంది.

10 సెప్టెంబరు

రామతీర్థం రాముడికి మొక్కుకున్నాను. వాడు రాకూడదు. రాకుండా చూడు స్వామీ. వాడు వస్తే మళ్ళీ జన్మలో నేను వాచీ ముట్టుకోను. రాకపోతే ఏమిస్తానో తోచలేదు.

11 సెప్టెంబరు, గురువారం

పొద్దున్నే ఠాణాలో వాచీ ఇచ్చాడు. ఆగిపోయి ఉంది. కీ ఇచ్చాను, ఇనస్పెక్టరు చేతి వాచీ చూసి టైము సరిచేశాను. అలవాటుగా చెవి దగ్గర పెట్టుకున్నాను. "బాగా నడుస్తోందా?" అని అడిగాడు. బాగా నడుస్తోందండీ అన్నాను.

పేటలో ఎదురింటి అరుగుమీద ఇద్దరు కొత్తవాళ్ళు లుంగీలు కట్టుకుని వల బాగుచేస్తున్నారు. వలకి కన్నాలు పూడుస్తున్నారో పెడుతున్నారో వాళ్ళకే తెలియదు. పేటలో పిల్లలు కూడా వాళ్ళకేసి చూసి నవ్వుకుంటున్నారు. తాటితోపులో గంగులున్నాడు. నేను చూడనట్టు నటించాను, వాడూ నటించాడు.

కూర్మమ్మ స్నానం చేసి, ఇల్లు అలికి, గోడ వారగా ఆకు వేసింది. వేడన్నం, చేపల పులుసు, చుట్ట. వాచీ నా చేతిలోంచి తీసుకుని ఆకు పక్కన పెట్టింది. ఇక కొడుకు రావాలి, వడ్డించి దండం పెట్టాలి.

కూర్చున్నాం. బయట అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది. ఒకసారి నీళ్ళకుండతో ఎవరో అమ్మాయి, ఒకసారి మేక. ఆమె గుమ్మంకేసే చూస్తోంది, నేను రావద్దు రావద్దు అనుకుంటూ నేలకేసి చూస్తున్నాను. మధ్యాహ్నం దాటింది. పులుసుమీద ఈగలు ముసిరితే ఆమె విసనకర్రతో విసురుతోంది.

పొద్దువాలింది. ఎదురింటి అరుగుమీద వాళ్ళు వల చుట్టేసి లేచారు. గంగులు తోపులోంచి బయటికొచ్చి మా గుమ్మం ముందునుంచే వెళ్ళాడు. ఇనస్పెక్టరు జీపు స్టార్టయిన చప్పుడు విన్నాను.

నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "రాలేదమ్మా! రాలేదు! ఎవరో చెప్పే ఉంటారు, తెలుసుకునే ఉంటాడు. గండం గడిచింది కూర్మమ్మా!"

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏ ఏడూ మానలేదు బాబూ ఆడు. పోయినేడు ఈ పేట నిండా పోలీసోల్లే. మోకాల్లోతు నీటిలో నడిసి వచ్చినాడు. జొరంతోటి వచ్చినాడు." ఆకుమీద ఈగని తోలింది. "నా గుంటడు బతికుంటే వచ్చీవోడే."

"అలా అనకమ్మా. ఉన్నాడు. ఎక్కడో క్షేమంగా ఉన్నాడు."

"మీరు సూసినారా?"

చూడలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. రామతీర్థం రాముణ్ణి నేనడిగిందేమిటో అప్పుడు గుర్తొచ్చింది. రాకూడదని అడిగాను. ఎలా రాకూడదో చెప్పలేదు.

ఆమె లోపలికి వెళ్ళి ఇంకో ఆకు తెచ్చింది. నీళ్ళు చల్లి తుడిచి, తండ్రి ఆకు పక్కనే పరిచింది. వద్దన్నాను. కొడుకు బతికుండగా అలా వెయ్యకూడదమ్మా, అపశకునం అన్నాను. వినిపించుకోలేదు. కుండలో మిగిలిన అన్నం పెట్టింది, పులుసు పోసింది, చేప తలకాయ వెతికి మరీ వేసింది. కొడుకు చుట్ట కాల్చడు కాబట్టి చుట్ట పెట్టలేదు. మోకాళ్ళమీద వంగి రెండాకులకీ దండం పెట్టింది. ఏడవలేదు.

నేను వాచీకేసి చూశాను, నడుస్తూనే ఉంది.

"పెట్టిన కూడు ఎవలో ఒకలు తినాల గదా బాబూ," అంది. "నాను తల్లిని, ఆడి ఆకు నాను తినకూడదు. ఈ పేటలో ఎవలూ ఈ గుమ్మం తొక్కరు ఇయ్యాల. మీరు కూకోండి."

వద్దనడం నాకు చేతకాలేదు. రెండో ఆకు ముందు కూర్చున్నాను. చల్లారిన అన్నం, ముద్దలు కట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని పులుసు వెయ్యనా అని అడుగుతూ విసనకర్రతో విసిరింది, నేను తిన్నాను.